అవ్వ ఊ కొట్టిన ఆట

వెంకటలక్ష్మమ్మ కూర్చోమంటే కూర్చునే మనిషి కాదు. వాళ్ళ ఊరు అత్తిముగంలో ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. పొయ్యి మీద ఎసరు పెట్టిందంటే అది కాగేలోపల కొట్టంలో పేడ ఎత్తి, దూడను విడిచి, పాలు పిండి, రాగిపిండి జల్లించుకొని మళ్ళీ పొయ్యి దగ్గరికి వచ్చేస్తుంది. అట్లాంటి మనిషిని మూకండపల్లిలో కొడుకింట్లో, గోడకు దిండ్లు ఆనించి, కుడికంటికి కట్టు కట్టి, కదలొద్దని కూర్చోబెట్టారు.

ఎడమకన్ను అంతకు ముందే పోయింది. ఆ కంటికి పొర తీయించుకొని ఇల్లు చేరిన మర్నాడే వాన పట్టుకుంది. కోసి గట్టు మీద పెట్టిన టమోటా మక్కిరి, నిండు గంప, తడిసిపోతూ ఉందని వంగి ఎత్తింది. లోపల కుట్టు తెగింది. అప్పటినుంచి ఆ కంటికి వెలుతురు ఉందా లేదా అన్నంతవరకే తెలుసు. అందుకని ఈసారి కృష్ణగిరి ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకొని మరీ చెప్పింది. వంగగూడదు, బరువెత్తగూడదు, గట్టిగా దగ్గగూడదు, ఏడవగూడదు. కట్టు ఆసుపత్రిలో తనే విప్పుతుంది, అంతదాకా ఎవరూ ముట్టుకోగూడదు.

"నవ్వొచ్చునామ్మా?" అని అడిగింది వెంకటలక్ష్మమ్మ.

"మెల్లగా నవ్వు పెద్దమ్మా."

"మెల్లగా నవ్వేది నాకు రాదే!"

పక్కనున్న కొడుకు మంజునాథ్ తలకొట్టుకున్నాడు. ఇక మిగిలింది ఈ కన్నొక్కటే. ఇది కూడా పోతే అమ్మను చెయ్యి పట్టుకొని నడిపించాలి. చెయ్యి పట్టుకొని నడిపిస్తే ఒప్పుకునే అమ్మ కాదు ఆమె. అందుకే అత్తిముగానికి తోలకుండా ఫ్యాక్టరీవాళ్ళ లైనిళ్ళలో ఉన్న తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ ఇంట్లో ఆవు లేదు, పొయ్యి లేదు, గ్యాసు స్టవ్వే. వంగడానికి సాకు దొరకదు అనుకున్నాడు.

మొదటి పొద్దునే ఆమెకు చీపురు దొరికింది.

కోడలు నళిని రోజాపూల తోటలో పూలు కట్టలు కట్టే పనికి పోవడానికి చెప్పులు వేసుకుంటూ ఉంటే, వెనక చరచరమని చప్పుడైంది. తిరిగి చూస్తే అత్త గోడ పట్టుకొని, నడుము వంచి, కనబడని నేలను ఊడుస్తూ ఉంది.

"అత్తా! కన్ను పోగొట్టుకోవాలనే ఉండాదా నీకు?"

"కాలికి మన్ను తగిల్తే ఏం చేసేదే? కండ్లు లేకుంటే కాళ్ళకు తెలీదా?"

నళిని చీపురు లాక్కొని, అత్తను మళ్ళీ దిండ్లకు ఆనించి, కూతురు రంజితను పిలిచింది. రంజితకు పదేళ్ళు. బడికి వేసవి సెలవులు. "అవ్వను లేయనిచ్చినావంటే నీ టీవీ గేము ఎత్తి అటక మీద పెట్టేస్తా. నేను తిరిగి వచ్చేదాకా కూర్చోబెట్టల్ల. ఏం చేస్తావో నాకు తెలీదు" అని చెప్పి పోయింది.

టీవీ గేము అంటే మంజునాథ్ బెంగళూరు బజారులో కొనుక్కొచ్చిన డబ్బా. దానికి రెండు తోకలు, తోకల చివర గుండీలున్న బిళ్ళలు, ఒక నల్ల తుపాకి. పసుపుపచ్చ క్యాసెట్టు నెత్తిన గుచ్చితే టీవీలో ఆటలు వస్తాయి. రంజిత అన్నం తినేటప్పుడు కూడా దాని ఎదురుగానే కూర్చుంటుంది. ఇవేవీ వెంకటలక్ష్మమ్మకు తెలియవు. ఆమెకు వినబడింది కుయ్ కుయ్ మనే చప్పుడొకటే.

"పాపా, ఆ మూలలో ఏందే, ఎలుక పిల్లలు పెట్టిందా?"

"ఎలుక కాదవ్వా, గేము."

"నాకు పొద్దు పోదే. ఒక కథ చెప్పు."

"నాకు కథలు రావు."

"రావా? ఇన్నేండ్లు నేను చెప్పినవన్నీ యాడ పోసినావే?" అని, అంతలోనే నాలుక కరుచుకుంది. "వద్దులే. పగటిపూట కథ చెప్పగూడదు. దారిన పోయేవాళ్ళు దారి తప్పుతారు. మీ తాత ఈపొద్దే వస్తాడు."

రంజిత కాసేపు ఆలోచించింది. అవ్వ లేచి నిలబడితే గేము అటకెక్కుతుంది. "అవ్వా, గేము చెప్పేదా? ఇది కథ కాదు. ఆడతా ఆడతా ఏమొస్తే అది చెప్తా."

"కథ కాదుగదా? అయితే చెప్పు. నేను ఊ కొడతా. నేను ఊ అనకుంటే నువ్వు నిలిపేయాల. అది కథల పద్ధతి, గేముకు కూడా అంతే."

"గేములో కూడా అంతే అవ్వా. మనం గుండీ నొక్కితేనే వాడు పోతాడు. నొక్కకుంటే ఆడనే నిలబడుకొని ఉంటాడు."

"ఎంతసేపు?"

"ఎంతసేపైనా."

వెంకటలక్ష్మమ్మ దిండు మీద తల ఆనించి ఆ మాటను నెమరు వేసుకుంది. పాలు ఆమె కోసం పొంగకుండా ఆగలేదు. బస్సు ఆగలేదు. ఈనే ఆవు తెల్లవారేదాకా ఆగలేదు. తను సరేననేదాకా నిలబడుకొని ఉండేవాడు ఒకడున్నాడంటే ఆమెకు ఒళ్ళు జలదరించింది.

"ఊ" అంది.

మొదట తుపాకి ఆట. చెరువు గడ్డిలోనుంచి బాతులు లేస్తాయి, కాల్చాలి. రంజిత టప్ టప్ మనిపించింది. అవ్వకు అది నచ్చలేదు. "పిట్టను చంపితే ఏమొస్తాదే? రాగిచేలో పిట్టలు పడితే నేను వడిసెల తిప్పి రాయి ఇసిరేదాన్ని. రాయి దానికి తగలగూడదు, పక్కన పడల్ల. చస్తే ఒకటే పోతాది. బెదిరితే పోయి వాళ్ళ ఊరంతా చెప్పుకుంటాది." అయినా బాతులు లేచేటప్పటి రెక్కల చప్పుడు మాత్రం మళ్ళీ మళ్ళీ వినిపించుకుంది. "ఆ చప్పుడు చేసినోడు ఎవరోగాని, చెరువు గట్టున శానాసేపు కూర్చొని ఉంటాడు."

తర్వాత కార్ల ఆట. "ఎదురుగా ఎవరూ రారా?" అని అడిగింది.

"రారవ్వా. అందరూ ఒకే దిక్కు. రోడ్డు సుట్టు తిరిగి మొదటికే వస్తాది."

"గానుగెద్దా? దానికి కూడా నా మాదిరి కండ్లకు గంత కట్టినారా ఏంది?" అని నవ్వబోయి, డాక్టరమ్మ మాట గుర్తొచ్చి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇటుకలు పడే ఆట ఆమెకు వెంటనే పట్టుబడింది. పైనుంచి వంకర టింకర ఇటుకలు పడుతుంటాయి, సందు లేకుండా పేర్చాలి అని రంజిత చెప్పిందో లేదో, "మూలలు చూసుకోవే మూలలు! గడ్డివామి వేసేటప్పుడు నడిమధ్య ఎవురైనా వేస్తారు. మూల కట్టేవాడే మనిషి" అంది. కోటను కాపాడుకొనే ఆటలో, శత్రువుల బండ్లు యాడయాడ ఉన్నాయో చెప్పించుకొని, పులీ మేకా ఆట మాదిరి దారి చెప్పింది. "వాని ఎంట పడబాక. దావ మూసి కూర్చో. వాడే వస్తాడు." రంజిత అట్లే చేసింది. ఎన్నడూ నిలవని కోట నిలిచింది. ఆ పిల్ల తిరిగి చూసింది. కంటికి కట్టు కట్టుకొని, ఎదుటి గోడవైపు మొగం పెట్టుకొని, అవ్వ వేళ్ళతో దుప్పటి మీద గీతలు గీస్తూ ఉంది.

నళిని మూడు గంటలకు వచ్చి చూసేసరికి అత్త కదలకుండా కూర్చొని ఉంది. నమ్మలేక ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

"బతికే ఉండానే" అంది వెంకటలక్ష్మమ్మ. "గలాటా చేయబాక, కోట కాడ ఉండాము."

తాత కొండప్ప దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. నెత్తిన మామిడికాయల మూట, మొగమంతా దుమ్ము.

"పొద్దున బయల్దేరినోడివి ఇంతసేపు యాడికి పోయినావయ్యా?"

"హోసూరు బస్టాండులో బస్సొకటి ఊరికే ముందర నిలబడుకొని ఉంటే ఎక్కినా. నిద్ర పట్టేసింది. లేచి చూస్తే అంచెట్టి కొండల్లో ఉండాను. ఆడ తిరుగు బస్సు కోసరం మధ్యాహ్నమంతా కూర్చున్నా. తినేదానికి ఈ మామిడికాయలే గతి."

వెంకటలక్ష్మమ్మ మనవరాలివైపు మొగం తిప్పింది. "చూసినావా? కథ కాదు గేము అంటివి. మీ తాత దారి తప్పినాడు. ఇది కథే!"

ఆ రాత్రినుంచి ఆమె దాన్ని గేము అనలేదు.

అసలు కథ మర్నాడు మొదలైంది. ఆ క్యాసెట్టులో ఒక పొడుగాటి ఆట ఉంది. కర్ర భుజాన వేసుకొని ఒక చిన్న మనిషి నడుస్తూ పోతాడు. గుంటలు దూకాలి, ఏళ్ళు దాటాలి, రాళ్ళు దొర్లే కొండలెక్కాలి. వానికి మూడు ప్రాణాలు. లైనిళ్ళలో ఎవరూ ఆ ఆట కడదాకా పోలేదు. మంజునాథ్ కూడా నాలుగో కొండ దగ్గరే మూడు ప్రాణాలూ పోగొట్టుకొని, షిఫ్టుకు వేళైందని లేచిపోయేవాడు.

"వాని పేరేందే?" అంది అవ్వ.

"తెలీదవ్వా. డబ్బా మీద ఏదో దేశం అక్షరాలు ఉండాయి."

"యాడికి పోతాండాడు?"

"అది కూడా తెలీదు. పోతానే ఉంటాడు."

"యాడికి పోతాడో తెలీకుండా ఇన్ని గుంటలు ఎవుడే దూకేది? కారణం ఉంటాది." ఆమె కాస్త ఆలోచించి, "కర్ర భుజాన ఉండాది అంటివి. గుంటలు దూకుతాడు అంటివి. అయితే వాడు మునియప్ప" అని తేల్చేసింది.

మునియప్ప ఆమె చిన్నప్పుడు వాళ్ళ నాయన దగ్గర పశువులు కాచినవాడు. ఒక ఏడు ఎర్రపెయ్య తప్పిపోతే, కర్ర భుజాన వేసుకొని, దాని గిట్టల జాడ పట్టుకొని అంచెట్టి అడవిలోకి పోయాడు. నెలలు గడిచి, అందరూ వాడి మీద ఆశ వదులుకున్నాక, ఒక మధ్యాహ్నం పెయ్యను తోలుకొని వచ్చి, ఏమీ జరగనట్టు మజ్జిగ అడిగాడు. మధ్యలో ఏం చూశాడో, ఏం తిన్నాడో చచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు. వెంకటలక్ష్మమ్మకు అన్ని కథలూ తెలుసుగాని ఆ ఒక్క కథ తెలియదు. ఎంత అడిగినా వాడు నవ్వి ఊరుకునేవాడు.

"వాడు చెప్పనిది ఇప్పుడు నువ్వు చెప్పు" అంది.

రంజిత చెప్పింది. మొదట ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఒక గుంట, ఒక చెట్టు, ఒక రాయి. అవ్వ ఊరుకుంటుందా? "ఏం చెట్టు? ఎంత లోతు గుంట? నీళ్ళు ఏ రంగు?" అని గుచ్చి గుచ్చి అడిగింది. ఆ పిల్ల టీవీకి ఇంకా దగ్గరగా జరిగి, కండ్లు పెద్దవి చేసుకొని వెతికి, మెల్లమెల్లగా చెట్టుకు చింతకాయలు, గుంటకు నాచు, నీళ్ళకు సాయంత్రపు రంగు తెచ్చింది. కొండ వెనక మబ్బులున్నాయంది. మబ్బుల్లో వాన ఉందంది. వాడు దూకేటప్పుడు కర్రకు కట్టిన మూట ఎగురుతుందంది. వెంకటలక్ష్మమ్మ కట్టు కింద అంతా చూసింది. రెండు కండ్లూ బాగున్న కాలంలో కూడా ఆమె ఇంత దూరం చూసి ఎరగదు. హోసూరు, కృష్ణగిరి, ఒకసారి తిరుపతి, అంతే ఆమె లోకం. ఇప్పుడు ఈ లైనింటి నాలుగు గోడల మధ్య కూర్చొని, ఏ దేశంవాడో చేసిన కొండల మీద తన ఊరి మునియప్ప నడుస్తుంటే, నోరు తెరుచుకొని ఉండిపోయింది. మధ్యమధ్యలో ఊ అనడం మరిచిపోతే రంజిత ఆట నిలిపేసేది. "అవ్వా, ఊ!" అని గుర్తు చేసేది.

చప్పుళ్ళన్నీ ఆమెకు వచ్చేశాయి. దూకితే ఒకటి, పడితే ఒకటి. "పడినాడు కదా?" అని పిల్ల చెప్పకముందే అనేది.

రేపు కట్టు విప్పుతారనగా, మధ్యాహ్నం, రంజిత ఎవరూ చూడని చోటికి చేరింది. నాలుగో కొండ దాటింది. ఆ తర్వాతిది కూడా దాటింది. ఒక్క ప్రాణమే మిగిలింది. పాట మారింది. ఆ పాట మంజునాథ్ కూడా వినలేదు. రంజిత మోకాళ్ళ మీద లేచింది. "అవ్వా, పెద్ద వాకిలి కనబడతాంది. రాతి వాకిలి. మునియప్ప దాని ముందర ఉండాడు."

"ఊ."

"వాకిలి తెరుచుకుంటాంది..."

పాట ఆగిపోయింది. పైన ఫ్యాను గరగరమని నెమ్మదించి నిలిచిపోయింది. వీధిలో ఎవరో "పోయిందిరా కరెంటు!" అని అరిచారు.

వెంకటలక్ష్మమ్మకు అంతా అర్థమైంది. ఆ డబ్బాకు జ్ఞాపకం లేదని పిల్ల ముందే చెప్పింది. కరెంటు పోతే దాటిన కొండలన్నీ పోయినట్టే, మళ్ళీ మొదటి గుంట దగ్గరనుంచే. చీకటి తెర ముందు రంజిత ఊపిరి బిగబట్టుకుంది. ఆ తర్వాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. ఒకసారి, రెండోసారి. ఏడుపు గొంతులోకి వచ్చేసింది.

దాంతో అవ్వకు కూడా కట్టు కింద వెచ్చగా ఊరింది. ఆ పిల్ల ఏడిస్తే తను ఆపుకోలేదు. ఆమె సంగతి ఆమెకు తెలుసు. పెండ్లిలో అప్పగింతలప్పుడు ఎవరి పిల్లయినా సరే, ముందు ఏడ్చేది తనే. లేచి పిల్లను ఎత్తుకోవాలని చేతులు లాగాయి. లేస్తే వంగాలి. వంగితే టమోటా మక్కిరి. ఆమె రెండు చేతులతో దుప్పటిని పిడికిట పట్టుకొని, పళ్ళు కరుచుకొని, తనకు చేతనైన పని ఒక్కటే చేసింది.

"ఊ" అంది.

రంజిత ఇంకోసారి ముక్కు ఎగబీల్చింది.

"ఊ" అంది మళ్ళీ, కాస్త గట్టిగా. "వాకిలి తెరుచుకుంటాంది అంటివి. నేను ఊ కొట్టినా. ఊ కొట్టినాక నిలిపితే ఎట్లే?"

కరెంటు పోయింది అవ్వకు తెలియలేదేమో అని పిల్ల అనుకుందో, తెలిసే అడుగుతోందనుకుందో. చేతిలోని బిళ్ళను నేల మీద పెట్టిన చప్పుడు వినబడింది. వచ్చి అవ్వ తొడకు ఆనుకొని కూర్చుంది.

"వాకిలి తెరుచుకునింది" అంది. గొంతు ఇంకా తడిగానే ఉంది. "లోపల... లోపల చీకటి. మునియప్ప కర్రతో తట్టుకుంటా పోయినాడు."

"ఊ."

"పోతే పోతే నీళ్ళ చప్పుడు. ఏరు. పెద్ద ఏరు అవ్వా, కావేరి మాదిరి."

"ఊ."

"ఆ గట్టున ఎర్రపెయ్య ఉండాది. కాని అది పెయ్య కాదు. పెద్దదైపోయింది. దానికి ఒక దూడ. మునియప్పను చూసి గుర్తు పట్టింది. ఆయప్ప తోలుకొని వచ్చేద్దాము అనుకున్నాడు. కాని దూడ ఏరు దాటలేదు కదా? చిన్నది. అందుకని ఆయప్ప ఆడనే ఉన్నాడు. దూడకు కాళ్ళలో బలం వచ్చేదాకా. అడవిలో పండ్లు తిన్నాడు. దాని పాలు తాగలేదు, దూడకు చాలవని. అందుకే ఆలస్యమైంది."

వెంకటలక్ష్మమ్మ ఊ కొట్టడం కూడా మరిచిపోయింది. తన చిన్ననాటినుంచి ఎవరూ చెప్పని కథ. వాళ్ళ నాయనకు తెలియదు, ఊరివాళ్ళకు తెలియదు. ఆ డబ్బాలో లేదు, ఇప్పుడు టీవీలో వెలుతురు కూడా లేదు. పదేళ్ళ పిల్ల నోట్లోనుంచి వస్తూ ఉంది. ఇది ఎక్కడనుంచి వచ్చింది తల్లీ అనుకుంది. కట్టు కింది వెచ్చదనం దానంతట అదే ఆరిపోయింది. ఏడవాలని మరిచిపోయింది ఆమె.

"మరి దూడ?" అని అడిగింది మెల్లగా. "ఊరికి ఎర్రపెయ్యను ఒకదాన్నే తోలుకొని వచ్చినాడే."

రంజిత తడుముకోలేదు. "అది అడవిలో పుట్టింది కదవ్వా. అది రానన్నది. అందుకే ఆయప్ప ఎవరికీ చెప్పలేదు. చెప్తే మీ నాయన దాన్ని పట్టుకొని రమ్మంటాడు."

కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. టీవీలో మొదటి గుంట పాట మొదలైంది. ఇద్దరూ అటు చూడలేదు.

మర్నాడు కృష్ణగిరిలో డాక్టరమ్మ కట్టు విప్పింది. మంజునాథ్ గోడకు చేరగిలబడి గోళ్ళు కొరుక్కున్నాడు. కొండప్ప దేవుడి పేర్లన్నీ గొణుక్కుంటూ నిలబడ్డాడు.

"పెద్దమ్మా, ఎన్ని వేళ్ళు?"

"మూడు. నాలుగోదానికి ఉంగరం ఉండాది, దాన్ని మడిచి పెట్టినావు. ఎర్రరాయి."

డాక్టరమ్మ నవ్వింది. కుట్లు చక్కగా ఉన్నాయని, కదలకుండా కూర్చున్నందుకు ఈ కన్ను నిలిచిందని చెప్పింది. "ఎవరమ్మా నిన్ను కూర్చోబెట్టింది?" అని అడిగింది. "మునియప్ప" అంది వెంకటలక్ష్మమ్మ. ఆయనెవరో ఇంటాయన అనుకొని డాక్టరమ్మ కొండప్పను మెచ్చుకుంది. కొండప్ప బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు.

మూకండపల్లి చేరగానే ఆమె చెప్పులు కూడా విడవకుండా టీవీ ముందుకు పోయింది. "ఆ కథ పెట్టు" అంది. రంజిత క్యాసెట్టు గుచ్చి ఆట మొదలుపెట్టింది.

వెంకటలక్ష్మమ్మ చూసింది. చాలాసేపు చూసింది.

"ఇది కాదే. మునియప్పది పెట్టు."

"ఇదే అవ్వా."

నల్ల తెర మీద నాలుగు పచ్చ గళ్ళు. అది చెట్టట. ఒక నీలం చదరం, అది గుంట. కొండ అంటే మెట్లుమెట్లుగా పేర్చిన గోధుమరంగు ముక్కలు. మబ్బులు లేవు, చింతకాయలు లేవు. వాకిట్లో చుక్కలు పెట్టి ముగ్గేయడం మరిచిపోయి పోయినట్టుంది. వాటి మధ్య చిటికెన వేలంత మనిషి. అదీ గళ్ళే. కర్ర కూడా గీతే.

రంజిత అవ్వ మొగం చూసి తల దించుకుంది. "ఊరికే చెప్పినా అవ్వా. నువ్వు అడిగినావని."

వెంకటలక్ష్మమ్మ కొత్త కన్ను మూసుకుంది. మునియప్ప చింతచెట్టు కింద నిలబడ్డాడు, వెనక వానమబ్బు. కన్ను తెరిచింది. నాలుగు పచ్చ గళ్ళు. మళ్ళీ మూసింది, మళ్ళీ తెరిచింది. ఇన్ని గళ్ళలోనుంచి అంత అడవిని ఈ పిల్ల తీసిందా? ఇంత చిన్న డబ్బా అంత చోటు ఇచ్చిందా? ఆమె అరచెయ్యి టీవీ అద్దం మీద ఆనించింది. చేతి మీది వెంట్రుకలు చిటచిటమంటూ లేచాయి. జంకి వెనక్కి తీసుకుంది.

"ఏం చూస్తాండావే అట్ల?" అన్నాడు కొండప్ప వెనకనుంచి.

"ఉండయ్యా." ఆమె ఇంకా దగ్గరగా జరిగింది. వంగలేదు, తల నిటారుగానే ఉంచి చూసింది. మునియప్ప పక్కకు తిరిగి నిలబడి ఉన్నాడు. వాడి మొగంలో ఒక నల్ల చుక్క.

"ఇదేందే?"

"కన్ను అవ్వా."

"ఒకటేనా?"

"ఒకటే. ఆ పక్కది కనబడదు."

వెంకటలక్ష్మమ్మ చెంపల మీద చేతులు పెట్టుకుంది. "ఒంటికన్ను పెట్టుకొని అంత దూరం పోయినాడా!" అంది.

రంజిత గుండీ నొక్కలేదు. వాడు ఆ గుంట అంచున అట్లే నిలబడుకొని ఉన్నాడు, ఎంతసేపైనా ఉండేటట్టు. అవ్వకు ఇప్పుడు అన్నీ కనబడుతున్నాయి కదా, ఇంక తను చెప్పాల్సిన పని లేదనుకొని ఆ పిల్ల నోరు మూసుకొని కూర్చుంది.

అవ్వ నేల మీద మనవరాలి పక్కన మెల్లగా, గోడ పట్టుకొని, నడుము వంచకుండా కూర్చుంది. తెర మీదనుంచి కన్ను తీయకుండానే అంది.

"ఊ."